జాగ్రత్త: కోనసీమ మట్టిదారుల 'రూట్ ప్యాక్' కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

బైకు మీద కోనసీమ పుంతలూ ఏటిగట్లూ తిరగాలని సరదా పడేవాళ్ళు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. ఆ సరదాని అమ్ముకునేవాళ్ళూ తయారయ్యారు. నేను అలాంటి 'రూట్ ప్యాక్' ఒకటి 2,499 రూపాయలు పెట్టి కొన్నాను. రెండు రోజుల దారి, ఫోన్లో ఎక్కించుకునే జీపీఎక్స్ ఫైళ్ళు (మ్యాపు మీద దారిని గీతలా చూపించేవి), ఎక్కడ తినాలో ఎక్కడ పడుకోవాలో చెప్పే పీడీఎఫ్, బయల్దేరేముందు ఒకసారి ఫోన్లో మాట్లాడే సౌకర్యం. ఇదీ సరుకు. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. పేరు రేపు మార్చుకోవచ్చు, పద్ధతి గుర్తుపడితే మీకు చాలు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మాది తణుకు. అమ్మమ్మగారిది రాజోలు వైపు. అలాంటివాడిని గోదారి జిల్లాలో దారి డబ్బులిచ్చి కొనుక్కున్నాను. హైదరాబాదులో పన్నెండేళ్ళు ఉద్యోగం చేస్తే ఇలాగే అవుతుంది కాబోలు. వాళ్ళు పెట్టిన ఫొటోలు చూసి పడిపోయాను: కొబ్బరిచెట్ల నీడలో ఎర్రమట్టి దారి, పక్కన కాలువ, దూరంగా పడవ. ఎర్రమట్టి అన్నచోటే ఆగి ఆలోచించాల్సింది. మన డెల్టాలో ఉన్నది నల్ల ఒండ్రుమట్టి. ఇంటికొచ్చాక అదే ఫొటో పెద్దది చేసి చూస్తే మూలన ఒక బోర్డు మీద మలయాళం అక్షరాలు!

మేం ముగ్గురం. నాది దాదాపు రెండు వందల కిలోల హిమాలయన్ బైకు, ఒకడిది ఎక్స్‌పల్స్, మా తణుకు నేస్తానిది వాళ్ళ నాన్నగారి పాత స్ప్లెండర్. ఆగస్టు నెల. ప్యాక్ మీద 'ఏడాది పొడవునా వెళ్ళొచ్చు' అని రాసుంది. గోదారి ప్రమాద హెచ్చరిక దాకా రాలేదు కానీ ఎర్రనీళ్ళతో నిండుగానే ఉంది.

పొద్దున్నే ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దిగి, ఆత్రేయపురం, లొల్ల లాకుల దాకా వచ్చాం. ఇంతవరకూ అద్భుతం. లాకుల దగ్గర నీళ్ళ హోరు వింటూ అరగంట కూర్చున్నాం, ఆత్రేయపురంలో కట్టించుకున్న పూతరేకులు అక్కడే సగం అయిపోయాయి. కానీ అదంతా తార్రోడ్డు. టీకొట్టు దగ్గర ఎవరినడిగినా చెప్పే దారి. దానికి 2,499 ఎందుకు?

అసలు సరుకు పి.గన్నవరం ప్రాంతంలో మొదలైంది. ఫైల్లో గీత తిన్నగా ఒక పుంతలోకి తిరిగింది. మూడు కిలోమీటర్లు చేల మధ్య నుంచి వెళ్ళి ఏటిగట్టు ఎక్కాలి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, పుంత అంటే చేలల్లోకి వెళ్ళే బండిదారి. సంక్రాంతి తర్వాత పుంత మీద కారు కూడా పోతుంది. ఆగస్టు అంటే సార్వా, అంటే వానాకాలపు పంట నాట్లు, చేలో నీళ్ళు పెట్టి బురదగా దున్నే దమ్ము చేసే రోజులు. ట్రాక్టర్లు ఇనప దమ్ముచక్రాలతో చేలోంచి నేరుగా పుంతలోకి ఎక్కుతాయి. ఒండ్రుమట్టి ఆరితే రాయి, తడిస్తే జిగురు. రెండొందల గజాలు వెళ్ళామో లేదో నా ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం తిరగడం మానేసింది. రోడ్డు టైరు గాడులు నిండిపోయాక అది టైరు కాదు, నున్నటి మట్టిముద్ద. బండి పక్కకి ఒరిగింది, నేను బోదెలో (చేలకి నీళ్ళెళ్ళే చిన్న కాలువలో) పడ్డాను. దెబ్బ పెద్దది కాదు కానీ క్లచ్ లీవరు విరిగింది. ఎక్స్‌పల్స్ ఇంకో వంద గజాలు వెళ్ళి అదే గతి పట్టింది. స్ప్లెండర్ మాత్రం ఇద్దరు పట్టుకుని లేపి గట్టు మీద పెట్టేంత తేలిక కాబట్టి బతికిపోయింది. (ఇది చదివి స్ప్లెండర్ కొనమని కాదు. కానీ డెల్టా మట్టిలో బండి ధర కంటే దాని బరువే ఎక్కువ లెక్కలోకొస్తుంది.)

ట్రాక్టరు ఆపి ఒక రైతు వచ్చారు. 'ఎవరు చెప్పారండీ మీకు ఇటు దారుందని? మా గేదెలే దిగబడతన్నాయి' అన్నారు. ఫోన్లో గీత చూపిస్తే నవ్వి, తాడు కట్టి బయటికి లాగారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

అక్కడి నుంచే అమ్మినవాళ్ళకి ఫోన్ చేశాను. 'లోకల్స్‌ని అడగండి బ్రో' అన్నాడు. లోకల్స్‌ని అడిగేదానికి నీకెందుకిచ్చాను బ్రో?

ఏం జరిగిందో రాత్రి లాడ్జిలో ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే అర్థమైంది. ఇదే మీకు అన్నిటికంటే పనికొచ్చే ముక్క. జీపీఎక్స్ ఫైలుని మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు. ఎవరైనా నిజంగా బండి నడుపుతూ జీపీఎస్‌తో రికార్డు చేసిన ఫైలైతే లోపల వందలూ వేలూ పాయింట్లుంటాయి, మామూలుగా ప్రతి పాయింటు పక్కన తేదీ, గంట, నిమిషం, సెకను నమోదై ఉంటాయి. మాకిచ్చిన ఫైల్లో ఒక్క టైమూ లేదు. వంకర తిరిగే కాలువగట్టు మీద పాయింటుకీ పాయింటుకీ మధ్య తిన్నటి గీతలు. అంటే ఇంట్లో ఏసీలో కూర్చుని, ఉపగ్రహ చిత్రం మీద సన్నటి చారలు కనిపించిన చోటల్లా మౌస్‌తో గీసేశారు. ఆ చారల్లో కొన్ని పుంతలు, కొన్ని చెరువు గట్లు, ఒకటైతే బోదె! సొంత ఇంటి గుర్తు తెలియకూడదని టైములు తీసేసి ఇచ్చే మంచివాళ్ళు కూడా ఉంటారు, నిజమే. అలాంటప్పుడు పాయింట్లు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి, ఏ నెలలో వెళ్ళారని నోరు విప్పి అడగండి. నిజంగా వెళ్ళినవాడు 'ఫలానా చోట కుక్కలు వెంటపడ్డాయి' అని కూడా చెప్తాడు.

గీత గీసినవాడికి నీళ్ళు కనపడవు. అదే ఇక్కడి అసలు చిక్కు. కనకాయలంక కాజ్‌వే (నీళ్ళకి కాస్త పైన వేసిన పల్లపు దారి) దగ్గర మా దారి నేరుగా నీళ్ళలోకి దిగింది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 11.75 అడుగులకి వచ్చినప్పుడు. పల్లపు కాజ్‌వేలు మునగడానికి అంతదాకా ఆగక్కర్లేదు. మా ముందు జనం పడవలో దాటుతున్నారు. బండి మీద దాటబోయి కొట్టుకుపోయేవాళ్ళు ఇలాంటి చోటే కొట్టుకుపోతారు. పైనుంచి ఎంత లోతుందో కనపడదు, అంచు ఎక్కడుందో అసలే కనపడదు. మేం వెనక్కి తిరిగాం. ఆ రోజు మేం చేసిన తెలివైన పని అదొక్కటే.

తర్వాత గన్నవరం అక్విడక్టు మీదుగా రాజోలు వైపు వెళ్ళాం. కింద గోదారి పాయ వైనతేయ, దాని పైన కాలువ, పక్కన మనం. డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన అక్విడక్టు ఇదే. దాన్ని చూడ్డానికే ఒకసారి వెళ్ళొచ్చు. చిత్రమేంటంటే ప్యాకులో దీని ఊసే లేదు!

సఖినేటిపల్లి దగ్గరలో గీత రొయ్యల చెరువుల మీదికి ఎక్కించింది. కాపలా కుర్రాడు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అతని తప్పేం లేదు. చెరువు గట్టు ఊరి దారి కాదు, రైతు సొంత ఆస్తి. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ తెగులు బయటినుంచి రాకుండా పీతలకి కూడా అడ్డుగా చుట్టూ వల కడతారు. అలాంటి చోట మనం బురద టైర్లతో తిరిగితే ఎవరూరుకుంటారు? దొంగతనాల భయం వేరే. క్షమించమని చెప్పి వచ్చేశాం.

సాయంత్రానికి సఖినేటిపల్లి రేవు. ప్యాకు ప్రకారం అక్కడ పంటు (బండ్లనీ జనాన్నీ దాటించే పెద్ద పడవ) మీద బైకులు ఎక్కించి గోదారి ఇంకో పాయ వశిష్ఠ దాటితే నరసాపురం, లాడ్జి, భోజనం. వరద నీటికి పంటు ఆపేశారు. ఎప్పుడు ఆపుతారు, ఆఖరి పంటు ఎన్నింటికి, ఆపితే ఏ దారి అనే మాటే పీడీఎఫ్‌లో లేదు. మలికిపురం, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా చీకట్లో, విరిగిన లీవరుతో నరసాపురం చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. రోడ్డు మీద గేదెలు, లైట్లు లేని ట్రాక్టర్లు. టెన్షన్ అంటే ఏంటో ఆ గంటన్నరలో తెలిసింది.

రెండో రోజు ఫైలు లాడ్జిలోనే తెరిచి అక్కడే మూసేశాం. అంతర్వేది నుంచి సముద్రం ఒడ్డునే ఓడలరేవు దాకా గీత. మధ్యలో వైనతేయ సముద్రంలో కలిసే చోటుంది కదా, దాన్ని కూడా గీత దాటేసింది! అక్కడ వంతెన లేదు. వైనతేయ దాటాలంటే వెనక్కొచ్చి బోడసకుర్రు వంతెన ఎక్కాల్సిందే.

డబ్బులు వెనక్కి అడిగితే 'డిజిటల్ సరుకుకి రీఫండ్ ఉండదు, దారులు మారుతుంటాయి' అని సమాధానం. దారులు మారతాయి, నిజమే, లేని వంతెన మాత్రం ఎప్పుడూ లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊరి నుంచే ఫిర్యాదు చేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. యూపీఐ రసీదు, వాళ్ళు పెట్టిన ప్రకటన స్క్రీన్‌షాటు కొన్న రోజే దాచుకోండి. నేను ప్రకటన దాచుకోలేదు, ఇప్పుడు 'ఏడాది పొడవునా' అనే మాట అక్కడ లేదు.

ఇలాంటివి ఎవరు అమ్మినా, డబ్బు కట్టకముందే ఉపగ్రహ మ్యాపు తెరిచి ఆ దారిలో నీళ్ళు ఎన్నిచోట్ల దాటాలో లెక్కపెట్టండి. గౌతమి, వశిష్ఠ, వైనతేయ, కాలువలు, మురుగు కాలువలు. ఒక్కొక్కటీ దేని మీద దాటతాం, వంతెనా, పంటా, కాజ్‌వేనా అని అడగండి. మూడో ప్రశ్నకే అవతలివాడి సంగతి తెలిసిపోతుంది. నెల కూడా అడగండి. సార్వా కోతలప్పుడు, రెండో పంట దాళ్వా కోతలప్పుడు ఊరి రోడ్లన్నీ సగం దాకా ధాన్యం ఆరబోసి ఉంటాయి. దాని మీద బ్రేకు వేస్తే గోళీల మీద వేసినట్టే, పైగా రైతుతో గొడవ. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే పుంతలు గట్టిగా ఉంటాయి కానీ ఫొటోలో చూసిన నీళ్ళుండవు. నన్నడిగితే సంక్రాంతి వెళ్ళాక మార్చి దాకా మంచి కాలం.

ఇదంతా విని రాజోలు మావయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు. 'రెండువేల అయిదొందలు పెట్టి దారి కొన్నావా? ఆయ్, నన్నడిగితే కాఫీ ఇచ్చి మరీ చెప్పేవోణ్ణి కదరా' అన్నాడు చివరికి. ఫిబ్రవరిలో తన స్కూటర్ మీద ముందు నడుస్తానన్నాడు.

ఆ ప్యాక్ ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ధర 2,999 అయింది. పైన అదే ఫొటో, మలయాళం బోర్డు ఉన్న మూల మాత్రం కత్తిరించారు.