పోచంపల్లి నోటుబుక్కు, సాగర్ గీజరు

గురువారం పోచంపల్లి, శుక్రవారం సాగర్ అనుకుని బయల్దేరాం. నేను, మా ఆవిడ, అత్తమ్మ. పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది గానీ, మా నోటికి ఇంకా నల్లగొండే.

1951లో భూదానోద్యమం వినోబా భావేకు 100 ఎకరాల భూమి దానంగా దొరికిన ఊరు ఇది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఆ పేరు విని వచ్చేవాళ్ల కోసం రోడ్డు పక్కన షోరూమ్‌లు వెలిశాయి. మొదటిదాంట్లో చీర విప్పకముందే డిస్కౌంట్ చెప్పారు. బయటికొచ్చేశాం.

సందులో ఒక నేతకారుల ఇల్లు దొరికింది. అరుగు మీద ఒకామె ఆసు పోస్తోంది, నేతకు ముందు నూలు సిద్ధం చేసే పని. అర్ధచంద్రాకారంలో పుల్లలు, వాటి చుట్టూ దారంతో చెయ్యి ఇటూ అటూ. ఒక్క చీరకు వేలసార్లు తిప్పాలి. ఈ కష్టం చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అత్తమ్మ పక్కనే కూలబడి కదల్లేదు.

ఇంటాయన చీర తిరగేసి చూపించాడు. "నూలుకే ముందు రంగులద్ది నేస్తం సార్, రెండు దిక్కులా ఒక్క తీరే ఉంటది. ప్రింటు వెనకాల వెలిసినట్టుంటది." నేను చెయ్యి పెట్టిన మూడో చీరను లాగేసుకుని, "గది ప్రింటే, తక్కువల అడిగేటోళ్లకు పెట్టిన" అన్నాడు. అక్కడే నా బేరం చచ్చిపోయింది! రెండు కొన్నాం. నోటుబుక్కులో అత్తమ్మ అడిగిన రంగు, నా ఫోన్ నంబరు రాసుకున్నాడు.

సాగర్‌లో లాడ్జి మాత్రం ఆన్‌లైన్ ఫొటోలంత బాగుంది. పొద్దున గీజరు పనిచెయ్యలేదు. పక్క గది ఖాళీగానే ఉంది, మార్చమంటే కౌంటర్ పిల్లాడు "ఓనర్ సార్ హైదరాబాద్‌ల ఉన్నడు, ఫోన్ ఎత్తుతలేడు" అన్నాడు. పాపం వాడి తప్పేముంది, తాళంచెవి ఇచ్చే అధికారం కూడా వాడికివ్వలేదు.

చన్నీళ్ల స్నానం చేసి ఇడ్లీ బండి దగ్గర నిలబడితే, పల్లీ చట్నీ వేస్తూ బండి అక్క అడిగింది, యాడికని. నాగార్జునకొండకన్నాను.

"ఇయ్యాల శుక్రవారం గద అన్నా, మ్యూజియం బంద్. బుద్ధవనం పోండ్రి."

బుద్ధవనం అంటే సాగర్‌లోని బౌద్ధ థీమ్ పార్కు, 274 ఎకరాలు. ఎండలో అత్తమ్మ మోకాళ్లకు సగమే అందింది. పొద్దున్నే వెళ్లండి, లేదా సాయంత్రం. రాత్రి భోజనానికి ఆ బండి అక్క చెప్పిన చోటే చేపల పులుసు తిన్నాం.

నిన్న ఫోన్‌కి ఫొటో వచ్చింది, మగ్గం మీద నెమలికంఠం రంగు చీర. అత్తమ్మ ధర అడగమంటోంది.