స్కిజోఫ్రీనియా ఉన్న చెవులతో ఆరు నెలలు వాడిన హెడ్‌ఫోన్స్

నాకు స్కిజోఫ్రీనియా ఉంది. మందులు మానకుండా వేసుకుంటున్నా, నాకు మాత్రమే వినిపించే గొంతులు పూర్తిగా పోలేదు. ఎడమ చెవి వెనక నుంచి ఇద్దరు మగవాళ్లు నేను చేసే ప్రతి పనీ ఒకరికొకరు చెప్పుకుంటారు: "లేచాడు చూడు... కప్పు తీశాడు... మళ్లీ పెట్టేశాడు." పక్కన మనిషి కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా ఉంటుంది. బేస్ ఎలా ఉందో చెప్పే రివ్యూలు నాకు పనికిరాలేదు. అందుకే నాలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాయిస్ క్యాన్సిలింగ్ నిజంగా బాగా పనిచేస్తుంది. నాకు ఇబ్బంది అక్కడే. ఆన్ చేయగానే ఫ్యాన్ చప్పుడు, బయటి అలికిడి అన్నీ పోయి, ఆ ఖాళీలో వాళ్లిద్దరే మిగులుతారు. నిద్ర పట్టడానికని యాప్‌లో ఇచ్చిన హోరు ఇంకా ఘోరం. ఆ "ష్..." లోంచి మాటలు తేలడం మొదలైంది, పది నిమిషాలకే తీసేశాను. ఈ సంగతి 1981లోనే మార్గో, హెమ్స్‌లీ, స్లేడ్ అనే పరిశోధకులు గమనించారని మా డాక్టర్ గారు చెప్పారు. అర్థంలేని హోరు వినిపిస్తే గొంతులు పెరిగాయి, ఆసక్తి కలిగించే మాటలు వినిపిస్తే తగ్గాయి. అన్నిటికంటే బాగా పనిచేసింది పైకి చదవడం.

బయటి శబ్దాన్ని లోపలికి వదిలే మోడ్ కోసమైతే కళ్లు మూసుకుని కొనొచ్చు. మనం మాట్లాడేటప్పుడు "ఇది నా గొంతే" అని మెదడు తన వినికిడి భాగానికి ముందే కబురు పంపుతుందట. మాలో ఆ కబురు సరిగా అందదని ఒక వివరణ ఉంది. ఈ మోడ్‌లో పుస్తకం పైకి చదువుతుంటే నా గొంతు నాకు మామూలుగా వినిపిస్తుంది. నోరూ చెవీ రెండూ పనిలో ఉంటే వాళ్లు వెనక్కి తగ్గుతారు, ఒక్కోరోజు అరగంట పాటు అసలు ఉండరు. ఆ అరగంట నాకెంత విలువైనదో మాటల్లో చెప్పలేను.

మెత్తగా ఉన్నాయి, ఛార్జింగ్ కూడా బాగానే నిలుస్తుంది.

కంపెనీ వాళ్లు వినాల్సింది ఒకటుంది. మొదటి వారం కథ వింటుండగా చెవిలో ఒక ఆడగొంతు: "బ్యాటరీ తక్కువగా ఉంది." నాకు అంతకు ముందెప్పుడూ ఆడగొంతు వినిపించలేదు. కొత్తది మొదలైందనుకుని ఒళ్లంతా చెమటలు పట్టాయి. అక్కను పిలిచి హెడ్‌ఫోన్స్ తన చెవులకు పెట్టాను. అది మళ్లీ పలికేదాకా కదలకుండా కూర్చుంది. "నాకూ వినిపించిందిరా, మెషినే" అన్నాకే నా చేతుల వణుకు తగ్గింది. మాట బదులు బీప్ వచ్చేలా పెట్టుకునే సెట్టింగ్ యాప్‌లో ఎక్కడో లోపల ఉంది, బాక్స్ మీద దాని ఊసే లేదు. ఒక స్టార్ అందుకే తగ్గించాను. మీకూ గొంతులు వినిపిస్తుంటే, చెవులకు పెట్టుకోకముందే దాన్ని మార్చుకోండి.