మొదటి గైడెడ్ ట్రెక్‌కి ముందు: శుభ్రత ఏర్పాట్లకు, సంచిలో సామానుకు మా మార్కులు

ట్రెక్ సర్వీసును ఎంచుకునేటప్పుడు కొత్తవాళ్లు దారి, ఎత్తు, ఫొటోలు చూస్తారు. టాయిలెట్ సంగతి అడగడానికి మొహమాటపడతారు. మేం ముందు చూసేది భోజనాల టెంటు ముందు చేతులు కడుక్కోవడానికి ఏం పెట్టారన్నది. నాలుగు రోజులు స్నానం చేయకపోతే వాసన వస్తుంది, చిరాకేస్తుంది, అంతే. చేతులు కడుక్కోకపోతే మాత్రం ఒకరికి మొదలైన విరేచనాలు గుంపు మొత్తానికి అంటుకుంటాయి.

ఏర్పాటు ఖరీదైనదేం కానక్కర్లేదు. కుళాయి బిగించిన నీళ్ల క్యాను, సబ్బు, కింద ఒక బకెట్ చాలు. అయితే అది రెండుచోట్ల ఉండాలి: టాయిలెట్ టెంటు బయట ఒకటి, భోజనం దగ్గర ఒకటి. సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి. శానిటైజర్ సీసా ఒక్కటి పెట్టి సరిపెట్టే సర్వీసుకు మేం సగం మార్కులే వేస్తాం. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్నది చాలా క్రిములను చంపుతుంది. కానీ మట్టి, నూనె అంటిన చేతుల మీద సరిగా పనిచేయదు. గుంపుల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్ మీద దాని ప్రభావం తక్కువ. ఇంకో మాట: అందరూ పంచుకునే పల్లీలు, ఎండుపళ్ల సంచిలో చేతులు పెట్టకూడదు, అరచేతిలోకి వంపుకోవాలి. మొదటిరోజే ఈ మాట చెప్పే గైడ్‌కి పని తెలుసని అర్థం.

ఇక టాయిలెట్ టెంటు. లోపల ఒక గుంట, పక్కన మట్టి కుప్ప, ఒక తాపీ ఉంటాయి. వాడిన ప్రతిసారీ మట్టి చల్లితే వాసనా, ఈగలూ బాగా తగ్గుతాయి. ముక్కు పగిలేలా వాసన వచ్చేది మూత్రం, మలం ఒకే గుంటలో కలిసినప్పుడు. తడి పెరిగి అమోనియా పుడుతుంది. అందుకే మంచి సర్వీసులు మూత్రానికి వేరే చోటు చూపిస్తాయి. తరచూ జరిగే పొరపాట్లు కూడా ఉన్నాయి. తవ్విన మట్టి టెంటు బయటే వదిలేస్తారు, దాంతో చీకట్లో ఎవరూ చల్లరు. వదులు నేలలో గుంట అంచు కాలికింద విరుగుతుంది. లైటు తగిలించడానికి కొక్కెం ఉండదు. కాబట్టి తలకు కట్టుకునే లైటు మీదే తెచ్చుకోండి. వెనక జేబులో ఫోన్ మాత్రం పెట్టుకోవద్దు, కూర్చోగానే అది గుంటలోకి పోతుంది. ఒక్కో టెంటు ఎంతమందికని డబ్బు కట్టేముందే అడగండి. పదిమందికి మించితే పొద్దున బయల్దేరే వేళకు వరస కట్టాల్సిందే. సూటిగా జవాబివ్వని సర్వీసును వదిలేయడం మంచిది.

నడిచే దారిలో టెంటు ఉండదు. నీళ్లకూ, దారికీ, క్యాంపుకీ కనీసం 60 మీటర్ల దూరం, అంటే ఇంచుమించు 80 అంగలు వేసి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వాలి. మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది ఆ పైపొర మట్టిలోనే, కనుక ఇంకా లోతుగా తవ్వి లాభం లేదు. గైడ్‌కి చెప్పి, సంచి దారి పక్కన వదిలి వెళ్లండి. అది చూసి, మీరింకా రాలేదని వెనక వచ్చేవాళ్లకి తెలుస్తుంది. మంచు మీద, రాతి మీద పాతిపెట్టడం కుదరదు. మంచు కరగగానే అంతా పైకి తేలుతుంది. అలాంటి దారుల్లో, తేమను గట్టిపరిచే పొడి వేసిన సంచులను సర్వీసే ఇవ్వాలి, వాడినవి కిందికి మోసుకురావాలి.

సామానులో మేం ఎక్కువ మార్కులు వేసేది సీసా మూతిలో బిగించుకునే చిన్న ప్లాస్టిక్ నాజిల్‌కి. నీళ్లతో కడుక్కునే అలవాటున్నవాళ్లకి ట్రెక్‌లో ఇంతకంటే హాయి లేదు. బరువు లెక్కలోకే రాదు, ఒకసారికి 300 మిల్లీలీటర్లు సరిపోతాయి. సీసా నొక్కితే లొంగే మెత్తటి ప్లాస్టిక్‌ది కావాలి. స్టీలు, గట్టి ప్లాస్టిక్ సీసాలు పనికిరావు. మూతి సరిపోయిందో లేదో, కారుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. తాగే సీసాతో కలిసిపోకుండా రంగు టేపు చుట్టండి. కడుక్కున్నాక చిన్న గుడ్డతో అద్దుకోవాలి. తడితోనే నడిస్తే గంటలోపే తొడలు ఒరుసుకుని మండుతాయి. ఒరుసుకునే చోట పొద్దున్నే వాజలీన్ రాసుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

వెట్ వైప్స్‌కి మాత్రం తక్కువ మార్కులే. చాలా రకాల్లో ప్లాస్టిక్ నార ఉంటుంది, పాతిపెడితే కుళ్లదు, ప్రతి ఒక్కటీ వెనక్కి మోసుకురావాలి. చలికి ప్యాకెట్ మొత్తం గడ్డకడుతుంది, సువాసన ఉన్నవి ఒరిసిన చర్మాన్ని మండిస్తాయి. ఒళ్లు తుడుచుకోవడానికి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు, చిన్న తువ్వాలు చాలు: ముందు ముఖం, తర్వాత చంకలు, గజ్జలు, చివర పాదాలు. ఈ వరస తప్పితే పాదాల ఫంగస్ గజ్జలకు ఎక్కుతుంది. మట్టిలో కలిసిపోతుందని రాసిన సబ్బునైనా వాగులో వాడకూడదు. అది విడిపోవడానికి మట్టే కావాలి.

మూత్రానికి వెళ్లడం ఇబ్బందని ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తారు. మా దృష్టిలో కొత్తవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. మూత్రంలో మంట, మలబద్ధకం వస్తాయి. తలనొప్పి వస్తే అది నీళ్లు చాలకా, ఎత్తు పడకా అన్నది గైడ్‌కి కూడా తేలదు. గంటకోసారి ఆగి, ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక అని చోటు పంచే సర్వీసుకు ఈ ఒక్క పద్ధతికే మార్కులు పెంచొచ్చు. నిలబడి పోసుకునే గరాటు కొనేటట్టయితే ఇంట్లో బాత్రూంలో చాలాసార్లు వాడి చూడండి. ధార జోరైతే వెనక్కి పొంగుతుంది. నెలసరి రక్తాన్ని లోపలే పట్టే మెన్‌స్ట్రువల్ కప్పు 12 గంటల దాకా ఆగుతుంది, చెత్త మిగలదు. అయితే మొదటిసారి వాడే చోటు ట్రెక్ కాకూడదు. చేతులకు సబ్బు, కప్పుకు తాగగలిగే నీళ్లు కావాలి. ప్యాడ్లయితే కాగితంలో చుట్టి, జిప్‌లాక్ కవర్లో వేసి, దాన్ని నల్ల కవర్లో పెట్టండి. ఆ కవర్ ఎక్కడ అప్పగించాలో అడిగించుకోకుండానే చెప్పడం సర్వీసు పని.

అద్దె స్లీపింగ్ బ్యాగుల్ని మనిషి మారినప్పుడల్లా ఉతకడం అరుదు, పదేపదే ఉతికితే వాటి వెచ్చదనం పోతుంది. లోపల పరుచుకునే సిల్కు లైనర్ కొనదగ్గ వస్తువు. 150 గ్రాముల దగ్గర ఉంటుంది, ఇంటికొచ్చి ఉతుక్కోవచ్చు. నూలుదైతే బరువెక్కువ, చెమ్మ పట్టి ఆరదు.

పాదాలకు నూలు సాక్సులు వద్దు, ఉన్నివో సింథటిక్‌వో మూడు జతలు చాలు. మూడో జత నిద్రకే, పగలు తొడగొద్దు. మడమ దగ్గర వేడిగా అనిపించిన క్షణమే ఆగి, ఆరబెట్టి, టేపు వేయాలి. గుంపును ఆపడమెందుకని ఊరుకుంటే మధ్యాహ్నానికి అది బొబ్బ అవుతుంది.