డీ అండ్ డీ ఐదో ఎడిషన్: తెగించేవాడికి బాగా కలిసొచ్చే ఆట

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, మాటలతోనూ డైస్‌తోనూ కథ నడిపే ఆట. దాని ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది. భీమవరంలో మా బ్యాచ్ దాన్ని ఏళ్ల తరబడి ఆడుతోంది, డీఎం (కథ నడిపి, నియమాలు తేల్చే డంజన్ మాస్టర్) కుర్చీ ఎక్కువగా నాదే. బొమ్మలు, కథలు, రాక్షసుల గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు కాబట్టి ఇక్కడ ఒక్క సంగతే రాస్తాను. ఆటగాడు ముందూ వెనకా చూసుకోకుండా తెగించినప్పుడు ఈ నియమాలు ఏం చేస్తాయి? మొదటి రెండు లెవెల్స్‌లో (పాత్ర ఆడేకొద్దీ ఎక్కే మెట్లివి) ప్రాణం మీదకి తెస్తాయి. ఐదో లెవెల్ దాటాక గారాబం చేస్తాయి.

మొదటి లెవెల్ విజార్డ్‌కి, అంటే మంత్రగాడికి, ఉండేది 6 హిట్ పాయింట్లు (ఒంట్లో ప్రాణం లెక్క), పైన కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం) బోనస్. గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి కత్తి గట్టిగా తగిలితే 8 పోతాయి. అప్పుడు ఎవరూ ‘నేనే ముందు వెళ్తా’ అనరు.

సున్నాకి పడినవాడు తన వంతు వచ్చిన ప్రతిసారీ ఇరవై ముఖాల డైస్ వేయాలి. 10 కానీ ఆపైన కానీ మూడుసార్లు పడితే గండం గడిచినట్టు, తక్కువ మూడుసార్లు పడితే పోయినట్టు. 1 పడితే రెండు తప్పుల కింద లెక్క. 20 పడితే ఒక హిట్ పాయింట్‌తో లేచి కూర్చుంటాడు. చదువుతుంటే టెన్షన్‌గానే ఉంటుంది. తీరా ఆటలో క్లెరిక్ (దేవుడి శక్తితో గాయాలు మాన్పే పాత్ర) 60 అడుగుల అవతల నిలబడి, బోనస్ యాక్షన్‌తో (వంతులో అదనంగా దొరికే చిన్న పనితో) హీలింగ్ వర్డ్ అనే మంత్రం వేస్తాడు, పడినవాడు దులుపుకుని లేస్తాడు. ఐదో లెవెల్‌లో రివివిఫై అనే మంత్రం కూడా వచ్చేస్తుంది. చనిపోయి నిమిషం దాటకపోతే 300 గోల్డ్ ఖరీదు చేసే వజ్రాలతో ప్రాణం వెనక్కి తెచ్చుకోవచ్చు. అక్కడినుంచి చావు ఒక ఖర్చు పద్దు.

దీన్ని మా బావ వాడుకున్నంతగా ఎవరూ వాడుకోలేదు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని అర్ధరాత్రి లేచి ఏరేటర్లు చూసొచ్చే మనిషి, కరెంటు మీద నమ్మకం లేక జనరేటర్‌కి తోడు ఇంకో జనరేటర్ పెట్టుకున్న మనిషి. బార్బేరియన్ (ఆవేశంతో మీదపడి కొట్లాడే యోధుడు) పాత్ర షీట్ చేతికిస్తే ఆ జాగ్రత్తంతా ఏమైపోతుందో తెలీదు.

ఒకసారి కథని మన లంకల్లాంటి చోట పెట్టాను. వరద నది, ఎర్ర నీళ్లు, కొట్టుకొస్తున్న తాటి దుంగలు, గట్టుకి కట్టేసిన పంటు. శత్రువు అవతలి ఒడ్డున ఉన్నాడు.

“దూకేస్తున్నా.”

“బావా, చేతిలో గొడ్డలి, వీపు మీద మూట. ఒక్కసారి ఆలోచించు.”

“ఆలోచించడానికి విజార్డ్ ఉన్నాడు కదరా. నా పని దూకడం.”

ఈదగలడా లేదా అని వేసిన అథ్లెటిక్స్ డైస్‌కి చిన్న అంకె పడింది, మునిగాడు. పుస్తకం తీసి చూశాం. ఊపిరి ఎంతసేపు బిగబట్టొచ్చంటే ఒక నిమిషం, దాని మీద కాన్‌స్టిట్యూషన్ బోనస్ ఎంతైతే అన్ని నిమిషాలు. బావది ప్లస్ 3 కాబట్టి 4 నిమిషాలు. రౌండుకి (అందరూ ఒక్కో వంతు ఆడేసరికి) ఆరు సెకన్ల చొప్పున 40 రౌండ్లు. మా ఫైట్లు ఐదారు రౌండ్లలో తేలిపోతాయి! ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదారిని చూసినవాడెవడూ ఈ లెక్కకి ఒప్పుకోడు. నేనూ ఒప్పుకోలేదు. ప్రాణం జోలికి పోకుండా, గొడ్డలీ మూటా నదికి ఇచ్చేశాను. బావ ఎక్కడో దిగువన, శత్రువు కొబ్బరితోటలో ఉత్త చేతులతో తేలాడు. తర్వాత రెండు వారాల ఆట దాని చుట్టూనే తిరిగింది. తెగింపుకి వెలగా పోగొట్టుకోగలిగినదేదో పెట్టాలి, చావునే వెలగా పెడితే కథే ఆగిపోతుంది. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో (ఆట నియమాల ముఖ్య పుస్తకం) ఆ వెల ఎక్కడా దొరకదు, డీఎం అక్కడికక్కడ కట్టుకోవాలి.

పుస్తకం ఆ పని సొంతంగా చేసిన చోటు ఒకటుంది, బార్బేరియన్‌కి రెండో లెవెల్‌లో వచ్చే రెక్‌లెస్ అటాక్. దెబ్బ తగిలిందా లేదా తేల్చడానికి నువ్వు రెండు డైస్ వేసి పెద్దది తీసుకుంటావు, నీ వంతు మళ్లీ వచ్చేదాకా నిన్ను కొట్టేవాళ్లు కూడా అలాగే తీసుకుంటారు. లాభం, నష్టం రెండూ ముందే కళ్ల ముందు ఉంటాయి. ఇలాంటివి ఇంకో పది ఉండాల్సింది.

ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం కూడా చాలావరకు న్యాయమైనదే. 20 అడుగుల వ్యాసార్ధం, దెబ్బకి ఆరు ముఖాల డైస్ ఎనిమిది, మనవాళ్లా పరాయివాళ్లా అని చూడదు, మూలల చుట్టూ కూడా పాకుతుంది. ఎవరి ఒంటి మీదా చేతిలోనూ లేని వస్తువులు మండేవైతే అంటుకుంటాయి. ఈ చివరి వాక్యం ఎవరూ చదవరు. మా విజార్డ్ దాన్ని కొబ్బరి పీచు గోదాం లోపల వేశాడు. రక్షించాల్సిన సరుకూ అందులోనే ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బు పెట్టక్కర్లేదు. బేసిక్ రూల్స్ ఉచితంగా దొరుకుతాయి, ముఖ్యమైన నియమాలున్న 5.1 రిఫరెన్స్ డాక్యుమెంట్‌ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోగల లైసెన్స్) కింద వదిలారు. 2024లో సవరించిన హ్యాండ్‌బుక్ వచ్చింది కానీ తెగించేవాళ్ల విషయంలో అది ఇంకా మెత్తన. హీలింగ్ వర్డ్‌కి ఒక డైస్ బదులు రెండు ఇచ్చారు. అలసట నియమం మాత్రం దాన్లోనే బాగుంది. ఒక్కో లెవెల్ అలసటకి ఇరవై ముఖాల డైస్ మీద 2 తగ్గుతుంది, అలసట ఆరో లెవెల్‌కి చేరితే మనిషి పోతాడు. అందుకని మేం పాత పుస్తకంతోనే ఆడుతూ ఆ ఒక్క పేజీ అరువు తెచ్చుకున్నాం. మా దగ్గర సున్నాకి పడి లేచిన ప్రతివాడికీ ఒక లెవెల్ అలసట. బావ దీని మీద ఇంకా గొడవ పడుతూనే ఉన్నాడు.