108 పీసుల టూల్ కిట్, ఒక తుప్పు స్క్రూ: ఆరేళ్ల వాడకం తర్వాత

ఈ కిట్ 2019 దసరా ఆఫర్లలో 2,400 రూపాయలకి కొన్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 108 పీసులు అని ఉంటే, "టూల్స్‌కి కూడా అష్టోత్తరమా" అని మా ఆవిడ నవ్వింది. కంపెనీ పేరు చెప్పను. ఈ ధరలో దొరికే డబ్బాలు నాలుగైదు చూశాను, రంగు తేడా తప్ప అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి.

ఇప్పుడు ఆ డబ్బాకి ఒక పక్క గడియ విరిగిపోయింది, సుతిలి తాడుతో కట్టి పెట్టాను. ఈ రాత కోసం మొన్న అన్నీ నేల మీద పరిచి లెక్కపెడితే, 108లో నా చెయ్యి నిజంగా తగిలినవి 14. వేలి గోరంత స్క్రూ డ్రైవర్ బిట్టు ఒక్కొక్కటీ ఒక పీసే, ప్లాస్టిక్ గోడ ప్లగ్గులు పీసులే, ఆఖరికి ఆ ప్లగ్గుల్లో బిగించే చిన్న స్క్రూలు కూడా పీసులే. అంకె అలా పెరుగుతుంది.

ముందే ఒక మాట. మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. సముద్రం నడిచి వెళ్లేంత దూరం. ఇక్కడ ఇనుము అనేదాన్ని గాలి తినేస్తుంది. గేటు మడతబందులకి ఏటా రంగు వెయ్యకపోతే మూడో ఏడు గేటు చేతిలోకి వస్తుంది. అందుకని నేను చెప్పేది హైదరాబాదులోనో కర్నూలులోనో ఉన్నవాళ్లకి కొంచెం అతిగా అనిపించొచ్చు. మా ఊళ్లో మాత్రం రిపేరు అంటే సగానికి పైగా ఊడదీయడమే. బిగించడానికి ఈ కిట్‌లో ఏ లోటూ లేదు. నా గొడవంతా ఊడదీసే దగ్గర.

2021 వానాకాలంలో నా బండి హెడ్‌లైట్ బల్బు పోయింది. వంద సీసీ బండి, హెచ్‌ఎస్1 బల్బు, 12 వోల్టులు 35/35 వాట్లు. బల్బు కొనడం, లైటు డూముకి అటూ ఇటూ ఉన్న రెండు స్క్రూలు తీయడం, పాత బల్బు లాగి కొత్తది పెట్టడం, అంతే పని. పది నిమిషాలు అనుకున్నాను. ఆదివారం ఉదయం ఇడ్లీ తినకముందే మొదలుపెట్టాను.

ఎడమ స్క్రూ మర్యాదగా వచ్చింది. కుడిది కదల్లేదు. ఇంకొంచెం బలం పెట్టాను. బిట్టు గాడిలోంచి పైకి ఎగిరి జారింది. మళ్లీ పెట్టాను, మళ్లీ జారింది. మూడోసారికి స్క్రూ తల మీది స్టార్ గుర్తు, అంటే ప్లస్ ఆకారపు గాడి, కాస్తా గుండ్రంగా, గిన్నెలా అయిపోయింది. బిట్టు అంచులు చూస్తే అవీ అరిగి మెరుస్తున్నాయి. స్క్రూ, బిట్టు రెండూ ఒకదాన్నొకటి తిన్నాయి.

దీని వెనక కథ నాకు తర్వాత తెలిసింది. మన బండ్ల వంశం చాలావరకు జపానుది. ఆ బండ్ల మీది స్టార్ స్క్రూలు జపాను కొలత ప్రకారం చేసినవి. కిట్‌లో వచ్చేవి ఫిలిప్స్ బిట్లు. చూడటానికి రెండూ కవల పిల్లలు. కానీ ఫిలిప్స్ బిట్టు మొన ముందుగా గాడి అడుగుకి తగిలి ఆగిపోతుంది, రెక్కలు గాడి గోడలకి పూర్తిగా ఆనవు. వదులుగా ఉన్న స్క్రూ అయితే దానితోనే వచ్చేస్తుంది. తుప్పు పట్టిన స్క్రూ అయితే బిట్టు పైకి ఎక్కి జారుతుంది, జారినప్పుడల్లా కొంచెం లోహం గీక్కుపోతుంది. 108 పీసుల్లో 40 బిట్లు ఇచ్చినవాడు జపాను కొలత బిట్టు ఒక్కటి ఇవ్వలేదు, మన రోడ్ల మీద తిరిగేవి చాలావరకు ఆ బండ్లే అయినా.

ఆ పూట తుప్పు వదలడానికి డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి వదిలేశాను. మర్నాడు కూడా అంతే. ఈ స్ప్రే గురించి ఒక పక్క మాట: డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలో తేమని తరమడానికి తయారుచేశారు, పేరులోనే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్ అని ఉంది. తుప్పులోకి దిగుతుంది, కానీ దానికి టైము ఇవ్వాలి. కొట్టిన రెండో నిమిషానికి తిప్పేసి "పనిచెయ్యలేదు" అనేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మూడో రోజు బండి తోసుకుంటూ మా వీధి చివర మెకానిక్ తాత దగ్గరికి వెళ్లాను. ఆయన స్క్రూ వంక చూసి, నా వంక చూసి, "ఏటి బాబూ, ఇలగ గీకేసినారు?" అన్నాడు. తర్వాత చేసినది నేను కళ్లప్పగించి చూశాను. వెనక చెక్క ముక్క అడ్డం పెట్టి పట్టుకోమని కుర్రాడికి చెప్పాడు. స్క్రూ తల మీద పాత స్క్రూ డ్రైవర్ నిలబెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు, పెద్దగా కాదు, కొబ్బరికాయ కొట్టేముందు తట్టినట్టు. ఇనుము కోసే ఆక్సా బ్లేడు ముక్కతో తల మీద అడ్డంగా ఒక గాడి కోశాడు. వెడల్పాటి స్క్రూ డ్రైవర్ ఆ గాడిలో పెట్టి, దాని కాడని స్పానర్‌తో పట్టి తిప్పాడు. 'టిక్' అని చిన్న చప్పుడు. అంతే, వచ్చేసింది.

"తిప్పడం తర్వాత బాబూ. ముందు కూర్చోబెట్టాల" అన్నాడు. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఈ ఆరేళ్లలో కిట్ మీద పెట్టిన 2,400 కన్నా ఆ ముప్పై నాకు ఎక్కువ పనికొచ్చింది. అప్పటినుంచి ఏ పాత స్క్రూ అయినా ముందు రెండు దెబ్బలు తట్టి, ఒంటి బరువంతా డ్రైవర్ మీద నిలిపి, అప్పుడు తిప్పుతున్నాను. పదిలో ఎనిమిది వస్తున్నాయి. జపాను కొలత స్క్రూ డ్రైవర్ ఒకటి విడిగా తెప్పించుకున్నాను కూడా.

కిట్ పరువు నిలబెట్టిన సంఘటనా ఒకటి ఉంది. 2020 ఏప్రిల్, లాక్‌డౌన్ రోజులు. బాత్రూమ్ కుళాయి రాత్రంతా టప్ టప్ మంటోంది. వాషర్ మారిస్తే సరిపోయేది. ఇంట్లో కొత్త కుళాయి ఒకటి పడి ఉందని మొత్తం మార్చేద్దామనే దుర్బుద్ధి పుట్టింది. మా నాన్నగారు 1994లో కట్టిన ఇల్లు, గోడల్లో జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనప పైపులు. మేడ మీద గేటు వాల్వు కట్టేద్దామని వెళితే చక్రం హాయిగా తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది, నీళ్లు మాత్రం ఆగడం లేదు. లోపల కాడ ఎప్పుడో విరిగింది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని వాల్వు అవసరానికి పనిచేస్తుందని ఎందుకనుకున్నానో! ఆఖరికి కర్రకి గుడ్డ చుట్టి, ట్యాంకులోకి చెయ్యి దించి, అడుగున ఉన్న పైపు నోట్లో దోపాను.

కిట్‌లోని అడ్జస్టబుల్ స్పానర్ ఇక్కడ పూర్తిగా చేతులెత్తేసింది. దవడ బిగిస్తాం, బలం పెట్టగానే అరనూలు వదులవుతుంది, కుళాయి మెడ మీద జారుతుంది. పక్కింటి బాబాయిగారి దగ్గర పైపు రెంచి అడిగి తెచ్చి తిప్పితే కుళాయి వచ్చింది, దాంతోపాటు దాన్ని గోడలోని పైపుకి కలిపే చిన్న గొట్టం, నిప్పిల్, సగం కూడా. మిగతా సగం టైల్స్ వెనక ఎల్బోలో (పైపు వంపు జాయింటులో) ఉండిపోయింది. పట్టుకోవడానికి ఏమీ లేని ఇనప గొట్టం, గోడలో రెండంగుళాల లోపల.

ప్లంబర్ రాలేడు. వీడియో కాల్‌లో చూశాడు. "గోడ బద్దలుకొట్టకండి. ఆక్సా బ్లేడు ఉందా?" అన్నాడు. కిట్‌లో బుల్లి ఆక్సా ఉంది, అప్పటిదాకా బొమ్మలా ఉందని వెక్కిరించినదే. దాని బ్లేడు ఊడదీసి, ఒక కొసకి గుడ్డ చుట్టి, ఆ గొట్టం లోపలికి పెట్టి కొయ్యడం మొదలుపెట్టాను. చెయ్యి ఆడే చోటు అంగుళమే. ఒక గీత పూర్తవడానికి నలభై నిమిషాలు పట్టింది. ఎల్బో మర దగ్గరకొచ్చాక ఆపాలి, దాన్ని కోస్తే ఆ తర్వాత జన్మలో లీకు ఆగదు. టార్చి పళ్లతో పట్టుకుని చూసుకుంటూ కోశాను. వేలి వెడల్పు దూరంలో రెండో గీత. మధ్యలో బ్లేడు రెండు ముక్కలైంది, చిన్న ముక్కతోనే కొనసాగించాను. చివరికి ఆ రెండు గీతల మధ్య పట్టీని చిన్న ఉలితో లోపలికి తడితే గొట్టం ముడుచుకుంది. ప్లయర్‌తో పట్టి తిప్పితే, పాతికేళ్లకి పైగా అక్కడే ఉన్నది, ఎండిపోయిన పుండు పొక్కులా వచ్చేసింది. కొత్త నిప్పిల్‌కి టెఫ్లాన్ టేపు బిగించే దిశలోనే పది పన్నెండు చుట్లు చుట్టి ఎక్కించాను. నేటికి చుక్క కారలేదు. ఆ రోజు మాత్రం ఇంటిల్లిపాదీ సాయంత్రం నాలుగింటికి స్నానాలు చేశారు.

ఫ్యాను కెపాసిటర్ మార్చడం మీద ఎక్కువ చెప్పేది లేదు. ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే పాతదాని మీద ఉన్న అంకె చూసి అదే, 2.5 మైక్రోఫారడ్‌ది, తెచ్చి వేశాను. ముందు కరెంటు ఆపే ఎమ్‌సీబీ స్విచ్చి దించాను. కిట్‌లోని టెస్టర్ లైటు పగటి వెలుతురులో కనబడదు, చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి. కరెంటు దగ్గర దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

సైకిల్ పెడల్ సంగతి చెప్పుకోడానికి సిగ్గే, అయినా చెప్తాను. మా అబ్బాయి సైకిల్‌కి ఎడమ పెడల్ మార్చాలి, 15 ఎంఎం స్పానర్. అలవాటుగా ఎడమకి తిప్పాను. రాలేదు. స్పానర్ మీద కాలు పెట్టి నిలబడ్డాను. అప్పుడూ రాలేదు. సరిగ్గా పావుగంట సేపు దాన్ని ఇంకా గట్టిగా బిగిస్తున్నానన్నమాట. ఎడమ పెడల్ మర తిరకాసు మర, అంటే మామూలుకి వ్యతిరేక దిశలో తిరిగేది, తొక్కుతుంటే తనంతట తాను ఊడిపోకుండా అలా పెడతారు. గుర్తుకి ఒక చిట్కా: స్పానర్ నిటారుగా పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ వదులవుతాయి. ఇక్కడ కిట్‌ది ఏ తప్పూ లేదు, అంతా నాదే. స్పానర్ వంగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక సామాను సంగతి. సాకెట్లు ఆరు మూలలవి, బోల్టు తలల్ని గుండ్రం చెయ్యవు, ఈ డబ్బాలో నాకు నచ్చినవి ఇవే. మన బండ్ల మీద ఎక్కువగా పడేవి 8, 10, 12, 14, 17 ఎంఎం. ఐదూ ఉన్నాయి. క్రోము పూత మాత్రం మూడో ఏటికే పొలుసులు లేచింది. మా గాలికి నెపం పెట్టొచ్చు, కానీ అదే అరలో ఉన్న నా టపారియా కంపెనీ ప్లయర్ ఇంకా పట్టు తప్పలేదు. సాకెట్లని తిప్పే పిడి, రాట్చెట్, నాలుగేళ్లకి జారడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే లోపల గ్రీజు ఎండి మట్టిలా ఉంది, కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పెడితే మళ్లీ కిర్రుమంటోంది. కొలిచే టేపు తుప్పుపట్టి సగంలో ఆగిపోతుంది. కిట్ ప్లయర్ అంచు ఒక మేకు కోసేసరికే నొక్కుపడింది. అలెన్ కీలు బాగున్నాయి, పిల్లల మంచం రెండుసార్లు విప్పి బిగించాను.

మళ్లీ కొంటారా అని మా తమ్ముడు అడిగాడు. వాడు హైదరాబాదులో అద్దె ఫ్లాటులో ఉంటాడు, కర్టెన్ రాడ్లు, తలుపు గొళ్లేలు తప్ప వేరే పని పడదు. కొనుక్కోమన్నాను. నేనైతే కొనను. అదే డబ్బుతో పూర్ణా మార్కెట్ వైపు ఏదైనా హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి మంచి స్క్రూ డ్రైవర్లు మూడు, రింగు స్పానర్ల సెట్టు, పైపు రెంచి, ఒక పావు కిలో సుత్తి, పది ఆక్సా బ్లేడులు విడివిడిగా తెచ్చుకుంటాను. సుత్తి ఎందుకో నొక్కి చెప్తున్నాను: 108 పీసుల్లో వీళ్లిచ్చిన సుత్తి తల ఇప్పటికి రెండుసార్లు ఊడింది, రెండోసారి ఎగిరి వెళ్లి తులసి కోటకి తగిలింది. దెబ్బ మచ్చ ఇంకా ఉంది.