సొంత మీటరు లేని పెంట్‌హౌస్: రెండు ఎండాకాలాలు గడిపాక

అద్దె, రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోత... హైదరాబాద్‌లో ఏ ఇంటికి వెళ్లినా ఇవి ఇంచుమించు ఇంతే. వాటి జోలికి పోను. స్నేహితులతో కలిసి మొదటిసారి ఇల్లు తీసుకునేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది కరెంటు మీటరు గురించి. మీరు దిగబోయే పోర్షన్‌కి సొంత మీటరు ఉందా, లేక ఓనర్ మీటరు నుంచి లాగిన సబ్ మీటరా? మా ఇంట్లో మాకు నచ్చినవి చాలా ఉన్నాయి. కడుపు మండేది మాత్రం ఈ ఒక్కదాని గురించే.

మేం ముగ్గురం అమీర్‌పేట లేడీస్ హాస్టల్ నుంచి బయటపడి మూసాపేటలో ఈ పెంట్‌హౌస్‌లో దిగాం. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీకి నేరుగా వెళ్లిపోవచ్చు. "అమ్మాయిలైతే మాకేం ఇబ్బంది లేదమ్మా, నాన్‌వెజ్ కూడా వండుకోండి" అని ఓనర్ ఆంటీ మొదటి రోజే చెప్పారు. ఇల్లు వెతుకుతూ తిరిగినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. అన్నిటికన్నా మించి డాబా. తలుపు తీస్తే ఎదురుగా డాబా అంతా మనదే. మా అమ్మ తణుకు నుంచి వచ్చినప్పుడు పాత చీర పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టింది. అద్దె ఇంట్లో మాగాయ పెట్టుకోవడం నాకైతే పెద్ద పండగలా అనిపించింది.

ఆ డాబా సుఖం మార్చి నెల వచ్చేదాకే. ఆ తర్వాత రాత్రి ఎనిమిది దాటితే గానీ చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. పగలంతా కాగిన శ్లాబు రాత్రంతా ఆ వేడిని ఇంట్లోకి వదులుతూనే ఉంటుంది. కాబట్టి కూలర్ ఆపే ప్రశ్నే లేదు. మీటరు కథ అక్కడే మొదలైంది.

ఇంట్లో మూడు కుటుంబాలు. కింద ఓనర్లు, వెనక పోర్షన్లో ఒక ఆటో డ్రైవర్ కుటుంబం, పైన మేం. అప్పట్లో అందరికీ కలిపి ఒకటే మీటరు. వెనక వాళ్లకీ మాకూ సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కి 9 రూపాయల చొప్పున వసూలు చేసేవాళ్లు. చూడటానికి వచ్చినప్పుడు "సబ్ మీటరు ఉంది, మీరు వాడిందానికే మీరు కడతారు" అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మొదటి వేసవి బిల్లు చూశాక, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ (ఈఈఈ) చదివిన మా ఖమ్మం స్నేహితురాలు ఆంటీని అడిగి అసలు బిల్లు తెచ్చింది. కాగితం మీద లెక్క వేసి చూపించాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెలంగాణలో ఇళ్ల కరెంటుకి శ్లాబులు, అంటే వాడకం పెరిగేకొద్దీ పెరిగే రేట్లు, ఉన్న సంగతి అందరికీ తెలుసు. శ్లాబులు ఇంటిని బట్టి కాదు, మీటరుని బట్టి పడతాయన్నది అనుభవిస్తే గానీ తలకెక్కదు. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కి 3.40, తర్వాతి 100కి 4.80. 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: తొలి 200కి 5.10, ఆపై వందకి 7.70, ఆ తర్వాతి వందకి 9 రూపాయలు, 400 దాటితే 9.50. ఆ నెల మేం వాడింది 180 యూనిట్లు. సొంత మీటరు ఉండుంటే ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వదిలేసి 724 రూపాయలు. మేం కట్టింది 1,620.

ఆంటీ మా దగ్గర లాభం చేసుకుంటున్నారని అందరం అనుకున్నాం. లెక్క పూర్తిగా వేస్తే అలా తేల్లేదు. ఓనర్లు 260, వెనక వాళ్లు 110, మేం 180, మొత్తం 550 యూనిట్లకు 4,115 అయింది. మా రెండు పోర్షన్ల నుంచి వచ్చిన 2,610 పోగా ఆంటీ చేతి నుంచి పడింది 1,505. వాళ్ల 260 యూనిట్లకు విడిగా మీటరు ఉన్నా 1,482 అయ్యేది. అంటే ఆవిడకు మిగిలిందేమీ లేదు. మూడు ఇళ్లకు మూడు మీటర్లు ఉంటే అందరిదీ కలిపి 2,594తో పోయేది. మీటరు ఒకటే కావడం వల్ల నెలకు 1,521 రూపాయలు ఎవరికీ కాకుండా పోయేవి, ఆ బరువు దాదాపు అంతా అద్దెకున్నవాళ్ల మీదే పడేది. తక్కువ రేటు యూనిట్లు ఓనర్ ఖాతాలోకి, ఖరీదైన యూనిట్లు మా ఖాతాలోకి వెళ్లిపోతాయి.

మాకంటే ఎక్కువ అన్యాయం జరిగింది వెనక పోర్షన్ వాళ్లకి. వాళ్లకి తెల్ల రేషన్ కార్డు ఉంది. 2024 మార్చి నుంచి ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అలాంటి ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. వీళ్లు వాడేది 110. అందరి మీటరు మాత్రం నెలనెలా 500 దాటేది. ఒక్క రూపాయి కట్టక్కర్లేని కుటుంబం 990 కట్టింది. ఆ ఇంటి అక్క ఈ లెక్క విని "మరి మా కార్డు ఎందుకమ్మా?" అని అడిగితే మా దగ్గర సమాధానం లేదు.

డబ్బు సంగతి అలా ఉంచితే, రెండో ఎండాకాలంలో జరిగింది ఇంకో రకం. మే నెల, పెళ్లిళ్ల సీజన్. ఓనర్లు ఇల్లు తాళం వేసి నల్గొండ వైపు పెళ్లికి వెళ్లారు. రాత్రి పదిన్నరకి ట్యాంకు ఖాళీ అయిందని వెనక పోర్షన్ అన్న మోటారు వేశాడు. టప్‌మని మొత్తం ఇంటికి కరెంటు పోయింది. వీధి లైట్లు వెలుగుతున్నాయి, పక్కింట్లో టీవీ మోగుతోంది, మా ఇల్లే చీకటి. మోటారు కాలి మెయిన్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పడిపోయి ఉంటుందని మా ఖమ్మం పిల్ల వెంటనే చెప్పింది. మోటారు స్విచ్ ఆపి ఎంసీబీ పైకి లేపితే చాలు. కానీ ఆ బోర్డు మెట్ల కింద ఇనప పెట్టెలో ఉంది, పెట్టెకి తాళం. ఫోన్ చేస్తే ఆంటీ పాపం చాలా బాధపడ్డారు. "తాళం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉందమ్మా, పిల్లలు చేతులు పెడతారని వేశాను" అన్నారు.

కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేశాం. లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర చూసి, సప్లై బాగానే ఉంది, మీటరు తర్వాతిది ఇంటివాళ్లే చూసుకోవాలని చెప్పాడు. ఆయన చెప్పింది సబబే. పరాయి ఇంటి తాళం పగలగొట్టమని ఎవరినీ అడగలేం కదా.

అసలు టెన్షన్ మా మూడో స్నేహితురాలిది. ఒంగోలు అమ్మాయి, ఆ వారం నైట్ షిఫ్ట్, ఇంటి నుంచే లాగిన్. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని డాబా గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ చార్జింగ్ ఉన్నంతసేపు పని చేసింది. ఒంటి గంటకి అది ఆరిపోతే, మేనేజర్‌కి మెసేజ్ పెట్టి సెలవు తీసుకుంది. వెనక పోర్షన్ అక్క పిల్లలిద్దరినీ పైకి తీసుకొచ్చింది. శ్లాబు వేడికి చాప మీద పడుకుంటే వీపు కాలుతోందని చాప కింద తడి దుప్పటి పరిచాం. మగ్గుతో కొలిచి నీళ్లు వాడుకున్నాం. తెల్లారి తొమ్మిదింటికి ఆంటీ తమ్ముడు తాళం తెచ్చేసరికి ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి పొంగి గిన్నె చుట్టూ కారిపోయి ఉంది. రెండు నిమిషాల పని కోసం ఒక రాత్రంతా పోయింది. మా పోర్షన్‌కి విడిగా మీటరు, విడిగా ఎంసీబీ ఉండుంటే కింద మోటారు కాలినా పైన ఫ్యాన్ ఆగేది కాదు.

ఆంటీ గురించి చెడుగా చెప్పలేను. ఆ వారమే డూప్లికేట్ తాళం చేయించి వెనక పోర్షన్లో ఇచ్చారు. మా లెక్క కాగితం అంకుల్‌కి చూపించి వెనక వాళ్లకి కొత్త మీటరుకి దరఖాస్తు పెట్టించారు. మీటరు వచ్చింది, ఇప్పుడు ఆ అక్కావాళ్లు రేషన్ కార్డు జత చేయించుకునే పనిలో ఉన్నారు. మాకు యూనిట్ 8 రూపాయలకు తగ్గించారు. పెంట్‌హౌస్‌కి మాత్రం విడి మీటరు కుదరదన్నారు. ఇంటి ప్లాన్‌లో పై అంతస్తు లేదట. పెంట్‌హౌస్ చూడబోయేవాళ్లు ముందే అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పాత కరెంటు బిల్లు చూపించమనండి, అదీ మే నెలది. బిల్లు మీద యూఎస్‌సీ నంబరు (ఒక్కో కనెక్షన్‌కి విడిగా ఇచ్చే నంబరు) ఉంటుంది, మీ పోర్షన్‌కి వేరే నంబరు ఉందో లేదో దాంతో తేలిపోతుంది. సబ్ మీటరే అయితే దిగిన రోజే రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి, యూనిట్ రేటు అగ్రిమెంటులో రాయించండి. బోర్డు ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి.

అలాగని ఈ ఇల్లు వద్దని చెప్పలేను. ఇదే వీధిలో సొంత మీటరు ఉన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు మా అద్దె కంటే నాలుగు వేలు ఎక్కువ చెబుతున్నారు. సబ్ మీటరు వల్ల మాకు పోయేది అందులో నాలుగో వంతు కూడా కాదు. పగలు ఆఫీసులకు వెళ్లిపోయే నాకూ ఖమ్మం అమ్మాయికీ లెక్క కుదురుతోంది. ఇంటి నుంచి పని చేసేవాళ్లకి, ఏసీ లేకపోతే ఉండలేనివాళ్లకి ఈ మీటరు మీద అసలు కుదరదు. ఒంగోలు అమ్మాయి ఈ రెండూ. వచ్చే నెల అగ్రిమెంటు రెన్యువల్‌కి వస్తోంది. రేటు, తాళం రెండూ కాగితం మీద పెట్టిస్తే నేను సంతకం చేస్తాను. తను మాత్రం నిజాంపేట వైపు ఫ్లాట్లు చూస్తోంది, కాబట్టి మూడో మనిషి కోసం వెతకాలో లేదో ఇంకా తేలలేదు.