పాట మధ్యలో టిక్‌టిక్‌మంటోందా? మైక్ మార్చే ముందు ప్రాసెస్ మానిటర్‌తో ఒకసారి చూడండి

మా అమ్మకి మంగళహారతులు, పెళ్లిపాటలు బోలెడు నోటికొచ్చు, ఒక్కటీ కాగితం మీద లేదు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, అదే పాట మళ్లీ పాడమ్మా అంటే గొంతు బొంగురుపోతుంది. అందుకే ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాముతో రోజుకొకటి రికార్డు చేస్తున్నా. రెండు నెలల క్రితం నుంచి పాట మధ్యలో టిక్ టిక్‌మని చప్పుళ్లు, ఒక్కోచోట మాటలో సగం అక్షరమే ఎగిరిపోవడం మొదలైంది. చాలా బాధేసింది.

అందరిలాగే నేనూ మైక్ మీదే పడ్డా. కేబుల్ మార్చా, యూఎస్‌బీ వెనక పోర్టుకి మార్చా, డ్రైవర్ తీసేసి మళ్లీ వేశా. రిపేరు షాపులో అయితే కొత్త సౌండ్ కార్డు వేయించమన్నారు. రికార్డింగ్ ఆపగానే ఆడాసిటీ మాత్రం ఆడియో కొంత పోయిందనీ, వేరే ప్రోగ్రాములు అడ్డుపడుతూ ఉండొచ్చనీ చెబుతూనే ఉంది, నేనే దాన్ని చదవకుండా ఓకే కొట్టేస్తున్నా.

ఆ వేరే ప్రోగ్రాము ఏదో పట్టిచ్చింది ప్రాసెస్ మానిటర్. సిస్‌ఇంటర్నల్స్ అనే కంపెనీ వాళ్ల ఫైల్‌మాన్, రెగ్‌మాన్ అనే రెండు పాత టూల్స్ కలిపి చేసిన విండోస్ టూల్ ఇది, 2006లో ఆ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొన్నాక అదే ఏడాది వచ్చింది. పూర్తిగా ఉచితం. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, జిప్ విప్పి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే చాలు. ఏ ప్రోగ్రాము ఏ ఫైల్ తెరిచింది, ఎప్పుడు చదివింది, ఎప్పుడు రాసింది, అన్నీ వరసగా చూపిస్తుంది.

తెరవగానే భయపడకండి, లైన్లు వరదలా వచ్చిపడతాయి. నేనూ మొదటిసారి వెంటనే మూసేశా. కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే ఫిల్టర్ వస్తుంది, అందులో పాత్ (ఫైల్ ఉన్న చోటు, పేరు) అనేదాంట్లో ఏయూపీ3 (aup3) అని ఉన్నవే చూపించమని పెట్టాలి, అది ఆడాసిటీ ప్రాజెక్టు ఫైల్ పేరు చివర ఉండే ముక్క. తర్వాత కంట్రోల్, ఎక్స్‌తో పాతవన్నీ చెరిపేసి ఒక నిమిషం రికార్డు చేశా. ఆడాసిటీ ఒక్కటే కనపడాల్సిన చోట ఇంకో పేరు కూడా వరసపెట్టి వస్తోంది. నేనే పెట్టుకున్న బ్యాకప్ ప్రోగ్రాము! ఫోల్డర్ మీద కాపలా కాస్తూ ఫైల్ మారినప్పుడల్లా మళ్లీ చదువుతోంది.

ఎందుకింత గొడవ అంటే, 2021లో వచ్చిన 3.0 నుంచి ఆడాసిటీ ప్రాజెక్టు మొత్తాన్ని ఒకే డేటాబేస్ ఫైల్‌లో పెడుతోంది, రికార్డు అవుతున్నంతసేపూ అది పెరుగుతూనే ఉంటుంది. సెకనుకి 48000 శాంపిళ్ల రేటులో, 32 బిట్లలో, మోనో (ఒకే ఛానెల్) అయినా పది నిమిషాలకి దాదాపు 115 ఎంబీ. నాది తిరిగే హార్డ్ డిస్కు, ఒక పక్క ఇది రాస్తుంటే ఇంకో పక్క అది చదువుతుంటే పాపం ఎంతకని తట్టుకుంటుంది?

రికార్డింగులని బ్యాకప్ చూడని ఫోల్డర్‌కి మార్చా. పాట పూర్తయ్యాక వేవ్ ఫైల్‌గా తీసి, దాన్ని మాత్రం బ్యాకప్ ఫోల్డర్‌లో వేస్తున్నా. అంతే, చప్పుళ్లు పోయాయి. మీ దగ్గర యాంటీవైరస్ పేరు కనపడితే దాన్ని పూర్తిగా ఆపకండి, ఆ ఒక్క ఫోల్డర్‌ని మినహాయిస్తే సరిపోతుంది.

ప్రాసెస్ మానిటర్‌లో లోపాలు లేవని కాదు. గంటల తరబడి వదిలేస్తే మెమరీ తినేస్తుంది, అందుకే ఫిల్టర్ మెనూలో డ్రాప్ ఫిల్టర్డ్ ఈవెంట్స్ పెట్టుకోండి, పని కాగానే మూసేయండి. గొడవ ఫైళ్లది కాకుండా నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌దో గ్రాఫిక్స్ డ్రైవర్‌దో అయితే ఇందులో తేలదు, దానికి లేటెన్సీమాన్ అనే ఇంకో టూల్ కావాలి, ఇంట్లో వాడుకోవడానికి అదీ ఉచితమే. కంప్యూటర్ బొత్తిగా కొత్తవాళ్లు తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుంటే మంచిది. అయినా నేను అయిదుకి అయిదు ఇస్తా. పాడైన పాటలు పదకొండున్నాయి, అమ్మ గొంతు బాగున్న రోజు చూసి ఒక్కొక్కటే మళ్లీ పాడిస్తున్నా, నిన్నటికి నాలుగయ్యాయి.